ఇసుక ఏ గుంపులోకి? మూడో తరగతిలో ఘన, ద్రవ, వాయువుల పాఠం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహితకు దగ్గర్లో ఉన్న ఒక జిల్లా పరిషత్ బడి ఇది. మాధ్యమం మరాఠీ. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కొందరు మాడియా గోండి. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, ఇద్దరికీ ఒకే టీచరు. పుస్తకం మరాఠీలో ఉన్నా వివరణంతా ఇంటి భాషలోనే సాగుతుంది. పరిసరాల విజ్ఞానమైన పరిసర అభ్యాస్‌లో పదార్థ స్థితుల పాఠం మూడో తరగతి పిల్లలకు, అంటే ఎనిమిదేళ్ల వాళ్లకు చెప్పాలి. నాలుగో తరగతి వాళ్లు పక్కనే కూర్చుని వింటుంటారు.

ఊరి పేరు, టీచరు వివరాలు, పిల్లల పేర్లు వదిలేశాం. ఒక అమ్మాయి జవాబు ఈ కేసుకు కీలకం కాబట్టి ఆమెను ‘ల’ అంటున్నాం.

సమస్య

పాఠం అయిపోయింది. పిల్లలు నిర్వచనాలు తడుముకోకుండా చెబుతున్నారు: ఘనానికి సొంత ఆకారం ఉంటుంది, ద్రవం పోసిన పాత్ర ఆకారం తీసుకుంటుంది, వాయువు దొరికిన చోటంతా నిండుతుంది. రాత పరీక్ష పెట్టి ఉంటే అందరూ పాసయ్యేవారే. టీచరు పరీక్ష పెట్టలేదు. బల్ల మీద వస్తువులు పెట్టి మూడు గుంపులు చేయమన్నారు: రాయి, చెక్క ముక్క, ఇసుక, రవ్వ, గల్లుప్పు, దూది, తడి మట్టి ముద్ద, నీళ్లు, ఆముదం, తేనె, ఖాళీ సీసా, గాలి నింపిన బుగ్గ (బెలూన్).

సగానికి పైగా పిల్లలు ఇసుకను, రవ్వను నీళ్ల పక్కన పెట్టారు. దూది ఏ గుంపులోకీ రాలేదు. మట్టి ముద్ద మీద గొడవైంది. ఖాళీ సీసాను ఎవరూ ముట్టుకోలేదు, అందులో ఏమీ లేదు కాబట్టి. బుగ్గను మాత్రం అందరూ వాయువు అన్నారు. పుస్తకంలో బొమ్మ ఉంది.

ఇక్కడ టీచరు చేసిన పని ఈ కేసు దారినే మార్చింది. తప్పు దిద్దకుండా కారణం అడిగారు.

“ఉస్కె (ఇసుక) ఎందుకు నీళ్ల పక్కకు పెట్టినవ్?”

“చెంబుల పోస్తే చెంబు లెక్క ఐతది, గ్లాసుల పోస్తే గ్లాసు లెక్క ఐతది. మీరే చెప్పిన్రు గద మేడం!” అంది ‘ల’.

ఆ అమ్మాయి పాఠం వినకపోవడం వల్ల తప్పు చేయలేదు. చాలా బాగా విని, ఇచ్చిన సూత్రాన్ని నమ్మకంగా వాడింది కాబట్టే ఇసుక ద్రవాల్లోకి వెళ్లింది. “పాత్ర ఆకారం తీసుకుంటుంది” అన్న ఒక్క లక్షణంతో తూస్తే ఇసుక, రవ్వ, పిండి, ఆవాలు అన్నీ ద్రవాలే. లోపం పిల్లలది కాదు, చేతికిచ్చిన కొలమానానిది. పొడులను ద్రవాలనుకోవడం వేరే దేశాల పిల్లల్లోనూ విజ్ఞాన బోధన పరిశోధకులు పదేపదే గమనించిన విషయమే. ఈ ఊరికో, రెండు భాషల మధ్య నలిగే పిల్లలకో పరిమితం కాదు. అలా అనుకుని వదిలేసి ఉంటే కేసు అక్కడే ముగిసిపోయేది.

ముందు చేసి చూసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి ప్రయత్నం చుక్కల చార్టు. మూడు గడులు: ఘనంలో చుక్కలు దగ్గరగా వరసల్లో, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో చెల్లాచెదురుగా. కణాల బొమ్మ చూస్తే తేడా తెలుస్తుందని ఆశ. జరిగింది వేరు. రెండో గడి చూపించి ఒక పిల్లవాడు “ఇది ఉస్కెనే” అన్నాడు. వాడి మాట కాదనడానికి లేదు. విడివిడి గింజలు, మధ్యలో సందులు, చిందరవందరగా పడి ఉండటం, అచ్చం ఇసుకే. కణమంటే కంటికి కనబడనంత చిన్నదని ఎనిమిదేళ్ల పిల్లవాడికి మాటలతో చెప్పినా, కళ్లు చూసేది గింజల్నే. పైగా ఐసులో కణాలు గట్టివి, నీళ్లలో కణాలు మెత్తనివి అనే కొత్త అపోహ కూడా ఈ చార్టుతోనే పుట్టింది. చార్టు గోడ మీంచి తీసేయించాం. కణాల మాట ఆరేడు తరగతుల దాకా ఆగినా నష్టం లేదని మా అభిప్రాయం.

రెండోది ఒక సులువు సూచన: “పట్టుకుంటే గట్టిగా ఉండేది ఘనం.” దీంతో ఇసుక రేణువు ఘనాల్లోకి వచ్చింది గానీ దూది, బట్ట, మైనం, రొట్టెల పిండి ముద్ద బయటికి పోయాయి. ఒక తప్పును దిద్దబోయి నాలుగు తెచ్చుకున్నట్టైంది. గట్టిదనం వేరు, ఘనస్థితి వేరు. ఈ సూచన పిల్లల నోట్లో పడితే వదలదు, నాలుగో తరగతి పిల్లల్లో అది ముందే పాతుకుపోయి ఉంది.

మూడోది మొక్కజొన్న పిండి గమ్మత్తు. రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌లో ఒక కప్పు నీళ్లు కలిపితే, నెమ్మదిగా వేలు పెడితే దిగుతుంది, గుద్దితే గట్టిపడుతుంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో బాగా పేరున్న ప్రయోగం. పిల్లలు ఎంతో సంబరపడ్డారు. మరుసటి రోజు గుంపులు చేయమంటే ముందున్న దానికంటే గందరగోళం పెరిగింది. హద్దు మీద ఉన్న వస్తువు హద్దు తెలిసినవాడికే వింత. హద్దే ఇంకా పడని పిల్లలకు అది “ఏదైనా ఏదైనా కావచ్చు” అని చెబుతుంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, చివర్లో వాడితే మంచి ప్రశ్నలు వస్తాయి. మొదట్లో మాత్రం వద్దు.

ఘనం నేరుగా వాయువుగా మారుతుందని చూపడానికి కర్పూరం వాడదామన్న ఆలోచనను బల్ల మీదికి రాకముందే ఆపాం. పిల్లలకు తెలిసిన కర్పూరం హారతి కర్పూరం, వెలిగించేది. మండటాన్నీ ఆవిరి కావటాన్నీ ఒకటిగా కలిపేసుకుంటారు. అదీగాక మింగితే పిల్లలకు ఫిట్స్ తెప్పించేంత ప్రమాదం. కలరా ఉండలు (నాఫ్తలీన్) అసలే వద్దు. జి-6-పి-డి ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఆ లోపం ఎవరికి ఉందో తరగతి గదిలో తెలియదు.

పనిచేసినవి

నిర్ణయం ఒకటే: నిర్వచనం పక్కన పెట్టి, పిల్లలు చేతులతో చేయగల పరీక్షలు ఇవ్వాలి. ఒక్కో పరీక్షకు జవాబు అవును, కాదు అన్నట్టు ఉండాలి. స్థితుల పేర్లు ఆఖర్న రావాలి. మరాఠీ పుస్తకంలో ఉండే స్థాయు, ద్రవ, వాయు అనే పేర్లు చార్టుగా కట్టడం కూడా అప్పుడే.

వాలు పరీక్ష. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. ఎత్తు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు రెండు కావాలి, మిఠాయి దుకాణంలో దొరుకుతాయి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో ఎండు ఇసుక, రెండూ 4 సెం.మీ. లోతున పోయాలి. ఇసుకను ముందు చదును చేసి, రెండు డబ్బాల బయట స్కెచ్ పెన్‌తో పైమట్టం వెంబడి గీత గీయాలి. ఇప్పుడు ఒక చివర కింద 7 సెం.మీ. ఎత్తు పుస్తకాలు మెల్లగా దూర్చాలి. వాలు సుమారు 20 డిగ్రీలు వస్తుంది. నీటి మట్టం గీతను వదిలేసి నేలకు సమాంతరంగా నిలబడుతుంది. ఇసుక గీతను అంటిపెట్టుకుని డబ్బాతో పాటే వాలుతుంది. గీత లేకపోతే తేడా సగం మంది పిల్లల కంటికి ఆనదు.

ఈ పరీక్ష చెడిపోయే దారులు మూడు. ఎత్తు 12 సెం.మీ. చేస్తే వాలు 35 డిగ్రీలు దాటుతుంది. ఎండు ఇసుక కుప్ప నిలిచే వాలు 30 నుంచి 35 డిగ్రీలే కాబట్టి ఇసుక జారిపోతుంది, వెంటనే “ఉస్కె కూడా పారింది” అంటారు. డబ్బాను కుదిపినా అంతే, ఇసుక చదునవుతుంది. కాబట్టి పుస్తకాలు దూర్చేది టీచరే, పిల్లలు కాదు. మూడోది తడి. నది ఇసుకను ఒక రోజంతా పట్టా మీద ఎండబెట్టకపోతే గోడలా నిలబడిపోతుంది, ఇసుక అసలు పారదనే అర్థం వస్తుంది. పారుతుంది గానీ మట్టం చూసుకోదు అన్నదే ఇక్కడ పిల్లలకు కనబడాల్సిన తేడా. గోధుమ పిండి ఇక్కడ పనికిరాదు. వేగంగా గుమ్మరిస్తే లోపల గాలి చిక్కి కాసేపు నీళ్లలాగే పారుతుంది, ఆగాక ముద్దలు కడుతుంది. రవ్వ నయం.

చుక్కల పరీక్ష. ‘ల’ మనసు మార్చింది వాలు పరీక్ష కాదు, ఇదే. చామ ఆకు మీద రెండు నీటి చుక్కలు వేసి పుల్లతో ఒకదాన్ని రెండోదాని దగ్గరికి జరపాలి. తాకగానే రెండూ ఒకే చుక్క అవుతాయి. ఏది ఏదో మళ్లీ విడదీయలేం. అదే ఆకు మీద రెండు గల్లుప్పు పలుకులు తాకించాలి. ఎన్నిసార్లు తాకించినా రెండు రెండుగానే ఉంటాయి. తర్వాత రెండు ఇసుక రేణువులు, రెండు చుక్కల ఆముదం. “కలిస్తే ఒకటైతదా?” అన్న ప్రశ్న పిల్లల నోట్లో వెంటనే నిలిచింది, ఎందుకంటే దీనికి చదునుగా చూసే కన్ను కూడా అవసరం లేదు. చామ ఆకు దొరకని రోజుల్లో స్టీలు ప్లేటు మీద కొవ్వొత్తి రుద్ది వాడవచ్చు. మామూలు ప్లేటు మీద చుక్క పరుచుకుపోతుంది, అందుకే కుదరదు. ఆముదం చామ ఆకుకు అంటుకుంటుంది గనుక దాన్ని మైనం ప్లేటు మీదే చేయాలి, ఆఖర్న చేయాలి.

దంచే వరస. పటికబెల్లం పెద్ద పలుకు ఒకటి, రోలు, రోకలి. పలుకును చేతికిచ్చి “ఇదేంది?” అంటే ఘనమంటారు. దంచి బఠాణీలంత ముక్కలు చేస్తే ఇంకా ఘనమే. రవ్వంత చేస్తే కొందరు ఆగుతారు. మెత్తని పొడి చేస్తే ద్రవం అనేవాళ్లు బయటపడతారు. అక్కడ అడగాల్సింది ఒక్కటే: ఏ దెబ్బకు ద్రవమైంది? వాదన పిల్లల మధ్యే సాగింది. టీచరు కలుగజేసుకోలేదు. ఆ తర్వాత పొడిని నల్ల కాగితం మీద చల్లి భూతద్దంతో చూపించారు. పలుకుల మూలలు కనిపిస్తాయి. భూతద్దం లేకపోతే సన్నని తీగను పెన్ను మొనకు చుట్టి చిన్న చుట్ట చేసి, నీళ్లలో ముంచి తీస్తే అందులో నిలిచే నీటి బొట్టే అద్దంలా పెద్దదిగా చూపిస్తుంది. బొట్టు నిండుగా ఉబ్బి ఉండాలి. పల్చబడితే బొమ్మ పెద్దదవదు.

మెత్తని ఘనాలకూ, నెమ్మది ద్రవాలకూ విడిగా సమయం ఇచ్చాం. దూది, బట్ట, పిండి ముద్ద: నొక్కి వదిలేస్తే తనంతట తాను పారి పరుచుకుంటుందా? పరుచుకోదు. తేనె, ఆముదం, బెల్లం పాకం, నీళ్లు: ఒకే ప్లేటు పై అంచున ఒక్కో చెంచా వేసి వాలుగా పెట్టి పందెం కడితే, ఓడిపోయింది కూడా చివరికి కిందికి చేరుతుంది. ఎవరు ముందు అన్నది కాదు, అందరూ చేరారా అన్నదే లెక్క. చలికాలంలో తేనె చక్కెర కట్టి గడ్డలుగా ఉంటుంది, ఆ సీసా తేవద్దు.

కాలాన్ని బట్టి పాఠాన్ని విడగొట్టడం

పుస్తకం ప్రకారం పాఠం వరసగా కొన్ని పీరియడ్లలో ముగియాలి. స్థితి మార్పులను మాత్రం ఏడాదికి పరిచాం. కారణం పూర్తిగా ఇక్కడి వాతావరణం. విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు, అప్పటికి వానలు మొదలవుతాయి. గాలిలో తేమ నిండుగా ఉన్న ఆ నెలల్లోనే చల్లని గ్లాసుకు చెమట బాగా పడుతుంది. అదే ప్రయోగం మార్చి ఎండల్లో చేస్తే గ్లాసు దాదాపు పొడిగా ఉండిపోతుంది. ఆరబెట్టడం, ఆవిరి కావటం ఫిబ్రవరి, మార్చికి సరిపోతాయి. నూనె గడ్డకట్టడం డిసెంబరు, జనవరి ఉదయాలకు.

నూనె పాఠానికి ఖర్చే లేదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చలి ఉదయాల్లో ప్రతి ఇంట్లో సీసా గడ్డకట్టి ఉంటుంది. ఇప్ప నూనె కూడా చలికి చిక్కబడి వెన్నలా అవుతుంది, దాన్ని పిల్లలు ఇంటి నుంచే తెచ్చారు. పెద్ద సీసా పెడితే కరగడానికి పీరియడ్ చాలదు. 10 మి.లీ. చిన్న సీసాల్లో ముందు రోజు సాయంత్రమే పోసి బయట ఉంచితే ఉదయానికి గట్టిపడతాయి. అరచేతిలో మూసి పట్టుకుంటే కొద్ది నిమిషాల్లో కరుగుతాయి. మళ్లీ నీడలో పెడితే గడ్డకడతాయి. వేడి పోతే వెనక్కి వస్తుందన్నది పిల్లలు చేతిలో చూశారు. కరగని నూనె ముద్ద కరిగిన నూనెలో అడుగున ఉంటుంది, ఐసు మాత్రం నీళ్ల మీద తేలుతుంది. ఒక పిల్ల ఈ తేడా పట్టేసింది. చాలా పదార్థాల్లో గడ్డే బరువు, నీళ్లే వింత అని మాత్రం చెప్పి టీచరు ఆపారు. ఎందుకన్నది ఆ వయసుకు అందేది కాదు.

ఐసు ఊరి కిరాణా దుకాణంలోని ఫ్రిజ్ నుంచి వచ్చింది. స్టీలు టిఫిన్‌లో వేసి, గోనె సంచిలో వరి పొట్టు నింపి మధ్యలో పెడితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. కరిగితే బరువు తగ్గుతుందని చాలామంది పిల్లల నమ్మకం. మూత బిగించిన టిఫిన్‌లో 200 గ్రాముల ఐసు తూచి, కరిగాక మళ్లీ తూచాలి. ఇక్కడో చిక్కు ఉంది: టిఫిన్ బయట పట్టిన చెమట వల్ల బరువు పెరిగినట్టు చూపిస్తుంది. తూచే ముందు పొడి బట్టతో తుడవాలి.

తర్వాత ఆ చిక్కునే పాఠం చేశాం. గ్లాసు చెమట గురించి పిల్లల వివరణ అందరూ ఊహించేదే: “నీళ్లు లోపటి నుంచి బయటికి వచ్చినయ్.” లోపల రంగు నీళ్లు పోసి, బయటి చెమటను తెల్లని దూదితో తుడిచి చూపించడం చాలాచోట్ల చేసేదే. చేశాం. దూదికి రంగు అంటలేదు. “రంగు లోపటనే ఉండిపోయింది, నీళ్లే వచ్చినయ్” అన్నారు. నూలు బట్టతో నీళ్లు వడగట్టుకునే ఇళ్ల పిల్లలకు అది మంచి తర్కమే. అందుకే రెండు తనిఖీలు కలిపాం. ఒకటి, అదే గ్లాసులో చల్లగా లేని నీళ్లు. గోడలో నుంచి నీళ్లు ఊరేట్టయితే దీనికీ చెమట పట్టాలి, పట్టదు. రెండోది తూకం. ఐసు ఉన్న మూత టిఫిన్‌ను కిరాణా డిజిటల్ కాటా మీద తుడవకుండా పావుగంట వదిలేస్తే వానాకాలంలో ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. లోపలి నీళ్లే బయటికి వస్తే బరువు పెరగకూడదు. ఎక్కడి నుంచో కొత్త నీళ్లు వచ్చి చేరాయి. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే కాటా అంకె నిలబడదు. ఒక గ్రాము తేడా చూపని పాత తక్కెడతో ఇది కుదరదు.

ఆవిరి, పొగ

కెటిల్ మూతి దగ్గర వేలెడు ఖాళీ కనిపిస్తుంది, ఆ పైన తెల్లని మబ్బు. ఖాళీలో ఉన్నదే ఆవిరి, అది కంటికి కనబడదు. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడిన సన్నని నీటి తుంపర. పెద్దవాళ్లలోనూ చాలామంది తెల్లదాన్నే ఆవిరి అంటారు. స్టవ్ పని టీచరుదే, పిల్లలు రెండు మీటర్ల దూరంలో సుద్ద గీత వెనక. కనిపించని ఆ ఖాళీలో చెయ్యి పెడితేనే ఎక్కువ కాలుతుంది, ఆ మాట ముందే చెప్పాలి.

పిల్లలు దాన్ని పొగ అన్నారు. ఆ పేరును దిద్దకుండా పరీక్ష పెట్టాం. పొడవాటి పట్టుకారుతో చల్లని స్టీలు ప్లేటును ఆవిరి మీద పడితే చుక్కలు పడతాయి. అగరుబత్తి పొగ మీద పడితే పడవు, మరక, వాసన మాత్రం అంటుతాయి.

ఇక్కడ ఒక పిల్లవాడు, “బట్టి మీద కుండల నుంచి గిట్లనే పోయి చుక్కలు చుక్కలు కారుతది మేడం” అన్నాడు. ఇప్ప సారా గురించి. నిజానికి ఆవిరి చల్లబడి ద్రవం కావటానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఆ ఊళ్లో ఇంకోటి లేదు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. ఎవరింట్లో చూశావు, ఎట్లా ఉంటది అని పొడిగిస్తే ఒక కుటుంబాన్ని నలుగురి ముందు నిలబెట్టినట్టే. టీచరు “ఔను, ఆవిరి సల్లబడితే చుక్కలే” అని ఒప్పుకుని, వెంటనే చుక్కలు పట్టిన ప్లేటు వాడి చేతికే ఇచ్చారు. వాడి గమనింపు సరైనదని తేలింది, మాట ఇంటిదాకా పోలేదు. సరైన నిర్ణయమనే అనుకుంటున్నాం.

ఉప్పు నీళ్లలో వేస్తే ఉప్పు ద్రవమైపోయిందనడం మరో అపోహ. మార్చి ఎండలో అది తొందరగా తీరింది. 50 మి.లీ. నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలిపి వెడల్పాటి ప్లేటులో ఎండబెడితే సాయంత్రానికి ఉప్పు తిరిగి పలుకులుగా మిగులుతుంది.

గాలి

అన్నిటికంటే తక్కువ ఫలితం ఇక్కడే. కదలని గాలి పిల్లలకు గాలి కాదు. వీస్తే గాలి, లేకపోతే ఖాళీ.

కాగితం అడుగున గట్టిగా కుక్కిన గాజు గ్లాసును నీళ్ల బకెట్‌లో నిలువుగా బోర్లిస్తే కాగితం తడవదు. కొంచెం వంచినా బుడగ తప్పించుకుంటుంది, కాగితం తడుస్తుంది. నిజానికి ఆ తప్పే మేలు చేసింది. బుడగ పైకి రావటం చూసి “లోపట ఏదో ఉండె” అన్నారు. ఇప్పుడు రెండు రకాలుగానూ కావాలనే చేయిస్తున్నాం.

సూది లేని 10 మి.లీ. సిరంజి ఇంకా నయం. మందుల దుకాణంలో కొత్తవి కొనాలి, వాడినవి ఏ పరిస్థితుల్లోనూ వద్దు. పిస్టన్‌ను 10 గీత మీద పెట్టి మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కితే గాలి 6 గీత దాకా నలుగుతుంది, వదిలితే వెనక్కి తంతుంది. నీళ్లు నింపి నొక్కితే కదలదు. నీళ్లలో చిన్న బుడగ మిగిలినా పిస్టన్ కాస్త కదులుతుంది, “నీళ్లు కూడా నలిగినయ్” అంటారు. సిరంజిని నీళ్లలో ముంచే నింపి, మూతి పైకి పెట్టి బుడగను బయటికి నెట్టాలి.

గాలికి బరువుందని చూపడానికి పుల్లకు రెండు బుగ్గలు కట్టి తూచే ప్రయోగాన్ని వదిలేశాం. లీటరు గాలి బరువు 1.2 గ్రాములు. కానీ ఊదిన బుగ్గ తన చోటులో అంతే గాలిని పక్కకు నెడుతుంది, కాబట్టి లోపల అదనంగా కుక్కిన కొద్దిపాటి గాలి బరువే తేడాగా మిగులుతుంది. పుల్లతో అది నమ్మకంగా తేలదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరుగుతుంది, టీచరు మాటే చివరికి రుజువైపోతుంది.

గ్యాస్ అంటే వంట సిలిండరే అన్న పిల్లలూ ఉన్నారు. “కదిపితే లోపట నీళ్ల లెక్క సప్పుడైతది, మరి గ్యాసెట్లా?” అని ఒకరు అడిగారు. సిలిండర్‌లో ఎక్కువ భాగం ఒత్తిడికి ద్రవంగానే ఉంటుంది, బయటికి వచ్చేటప్పుడు వాయువవుతుంది. సిరంజిలో గాలి నలగటం చూసిన పిల్లలకు ఆ జవాబు కొంతైనా అందింది. అంతకుముందు అడిగి ఉంటే అందేది కాదు.

ఏం నిలిచింది, ఏం నిలవలేదు

ఏడాది చివర గుంపులు చేయమన్నప్పుడు పాఠంలో ఎక్కడా వాడని వస్తువులే ఇచ్చాం: సగ్గుబియ్యం, సున్నం పొడి బదులు ముగ్గు పిండి, స్పాంజి, షాంపూ, కొబ్బరి పీచు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఆవాలు. తెలిసిన వస్తువులిస్తే పిల్లలు జ్ఞాపకం నుంచి పెడతారు, పరీక్ష చేయరు. (ఘాటైన సున్నం పొడి పిల్లల చేతికి ఇవ్వకూడదు, కళ్లకు ప్రమాదం.) సగ్గుబియ్యం, ముగ్గు పిండి దాదాపు అందరూ ఘనాల్లో పెట్టారు. స్పాంజికి ఇబ్బంది పడలేదు. ఆవాల దగ్గర మాత్రం కొందరు తడబడ్డారు. గుండ్రంగా ఉండి దొర్లిపోయే గింజ కాబట్టి వాలు పరీక్షలో ఇసుకకంటే ముందే జారుతుంది. ‘ల’ రెండు ఆవాలు వేలితో తాకించి, “ఒకటైతలేవు” అని ఘనాల్లోకి నెట్టింది. ఖాళీ డబ్బాను వాయువు కింద పెట్టినవాళ్లు సగం మందే.

పెరుగు, టూత్‌పేస్టు కావాలనే ఇవ్వలేదు. అవి పెద్దవాళ్లకే తేలికగా తెగని వస్తువులు. మూడో తరగతి ప్రశ్నపత్రాల్లో “పెరుగు: ఘనమా, ద్రవమా?” అని ఒక మార్కుకు అడగటం ఇకనైనా మానుకోవాలి. నోటితో వాదించుకోవడానికి ఇస్తే మంచిది, జవాబుకు కాకుండా కారణానికి మార్కు వేస్తే ఇంకా మంచిది.

వచ్చే బ్యాచ్‌కు వరస కొంచెం మారింది. చుక్కల పరీక్ష ముందుకు వచ్చింది, వాలు పరీక్ష దాని వెనక. సిరంజిలు వానాకాలంలోనే పిల్లల చేతికి వస్తాయి, గాలి ఏడాది పొడవునా మాటల్లో ఉండటానికి. పిస్టన్ రబ్బరు ఎండాకాలానికి బిగుసుకుపోతుంది, ఒక చుక్క కొబ్బరి నూనె రాసి పెడితే మళ్లీ జారుతుంది. నాలుగో తరగతి వాళ్లకు వేరే పని అప్పగించారు: దంచే వరస వాళ్లే నడిపించాలి, “ఏ దెబ్బకు ద్రవమైంది?” అన్న ప్రశ్న వాళ్లే అడగాలి, జవాబు మాత్రం చెప్పకూడదు.